వెస్ట్ పాకెట్ కోడాక్: జేబులో పట్టిన తొలి మడత కెమెరా ఇదేనా?

గోదారిగట్టు
మా పెదనాన్నగారి సామాన్లు సర్దుతుండగా ఒక చిన్న మడత కెమెరా బయటపడింది. మూసి ఉన్నప్పుడు దాని మందం అంగుళం, వెడల్పు రెండున్నర అంగుళాల లోపు, పొడవు ఐదు అంగుళాల లోపు. ముందు పలకను పట్టుకొని లాగితే రెండువైపులా కత్తెర పట్టీలు విచ్చుకొని, మడతలు పడే నల్లటి తిత్తితో సహా లెన్సు బయటికి వస్తుంది. పలక మీద వెస్ట్ పాకెట్ (లోకోటు జేబు) ఆటోగ్రాఫిక్ కోడాక్ అని ఇంగ్లీషు అక్షరాలున్నాయి. దీని గురించి చదవబోతే ఎక్కడ చూసినా రెండే మాటలు కనిపిస్తున్నాయి: ప్రపంచంలో తొలి జేబు కెమెరా ఇదేననీ, మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల కెమెరా ఇదేననీ. ఒకరు రాసినదాన్నే మరొకరు తిరగరాస్తున్నారు తప్ప, అంతకుముందు ఏముండేదో, ఇంత చిన్నదిగా చేయడం అప్పుడే ఎలా సాధ్యమైందో ఎవరూ చెప్పడం లేదు. మా కెమెరా ఏ కాలానిదో, ఆ రెండు మాటల్లో నిజమెంతో తెలిసినవారు వివరంగా రాయగలరు.

చీకటిగది
వెనకవైపు చిన్న తలుపు, దాని దగ్గరే తగిలించిన సన్నటి లోహపు పుల్ల ఉన్నాయేమో చూడండి. 1912లో వచ్చిన మొదటి రకానికి ఆ తలుపు లేదు. ఆటోగ్రాఫిక్ రకం (ఫిల్ము మీద రాసుకునే వీలున్నది) 1915లో మొదలై 1926 వరకు నడిచింది కాబట్టి మీది ఆ మధ్యకాలానిదే.

గోదారిగట్టు
తలుపు ఉంది, పుల్ల లేదు.

చీకటిగది
చాలావాటికి పుల్ల ఉండదు. తీసి రాసినవారు తిరిగి దాని చోట పెట్టకపోవడం వల్ల పోయినవే ఎక్కువ.

ఎర్రకిటికీ
తొలి జేబు కెమెరా ఇది కాదు. ఈ కథను కెమెరాతో కాకుండా ఫిల్ముతో మొదలుపెడితేనే సరిగా అర్థమవుతుంది. 1888లో జార్జ్ ఈస్ట్‌మన్ అమ్మిన మొదటి కోడాక్‌లో 100 బొమ్మలకు సరిపడే రీలు ఉండేది; అది అయిపోగానే కెమెరా మొత్తాన్ని అమెరికాలో రోచెస్టర్‌లోని కర్మాగారానికి పంపవలసి వచ్చేది. వాడేవాడే వెలుతురులో రీలు మార్చుకోగల ఏర్పాటు లేనంతకాలం, ప్రయాణంలో జేబులో వేసుకొని తిరిగే కెమెరాకు అర్థం లేదు. బోస్టన్‌లో శామ్యూల్ టర్నర్ ఫిల్ము వెనక నల్లకాగితం చుట్టి, ఆ కాగితం మీద అంకెలు అచ్చువేసి, కెమెరా వెనక ఎర్రటి చిన్న కిటికీ నుంచి ఆ అంకెలు కనపడేటట్టు చేశాడు. 1892లో బుల్స్ ఐ కెమెరాతో అది బజారులోకి వచ్చింది. దాని విలువ గ్రహించిన ఈస్ట్‌మన్ 1895లో టర్నర్ కంపెనీనే కొనేశాడు. అదే ఏడు పాకెట్ కోడాక్ పేరుతో ఐదు డాలర్ల చిన్న పెట్టె కెమెరా వచ్చింది. అది మడత కెమెరా కాదు గానీ, పేరులో జేబు అప్పటికే ఉంది.

మడత కెమెరా సంగతికి వస్తే, ఫ్రాంక్ బ్రౌనెల్ రూపొందించిన ఫోల్డింగ్ పాకెట్ కోడాక్ 1897 చివర్లో మొదలైంది. రెండుంపావు అంగుళాలకు మూడుంపావు అంగుళాల బొమ్మ వచ్చే ఆ కెమెరాను మూస్తే చదునుగా ఒదిగిపోయేది. రీలు ఫిల్ముతో వచ్చిన మడత కెమెరాలన్నిటికీ మూలపురుషుడు అదే. వెస్ట్ పాకెట్ దానికి పదిహేనేళ్ల తరువాతిది.

బెజవాడ_బాబాయి
ఎర్రకిటికీ గారు చెప్పిన సంవత్సరాలతో నాకు పేచీ లేదు, నిర్ణయంతోనే ఉంది. 1897 నాటి కెమెరాను ఓవర్‌కోటు పెద్ద జేబులో పెట్టుకోవచ్చునేమో గానీ, లోకోటు చిన్న జేబులో పెట్టుకోవడం సాధ్యం కాదు. తొమ్మిది ఔన్సుల బరువుతో, మనిషి తన ఒంటి మీద ఉందన్న సంగతే మరచిపోగలిగేటంత చిన్నదిగా తయారైనది వెస్ట్ పాకెట్. జేబు కెమెరా అనే మాటకు పూర్తి అర్థం వచ్చింది 1912లోనే అని నేను వాదిస్తాను.

మూర్తి_సికింద్రాబాద్
అలాగైతే లండన్‌లో హౌటన్స్ కంపెనీ 1909లో తెచ్చిన ఎన్సైనెట్‌ను ఎక్కడ పెడతారు? స్వీడన్‌కు చెందిన మాగ్నస్ నీల్ రూపొందించినది. ఇత్తడి ఒళ్లు, పక్కలకు మడిచే పట్టీలు, దాని కోసమే చేసిన చిన్న రీలు, కోటు జేబులో పట్టే పరిమాణం, 30 షిల్లింగుల ధర, అన్నీ అందులో ఉన్నాయి. వెస్ట్ పాకెట్ వచ్చింది దానికి మూడేళ్ల తరువాత, ఇంగ్లండులో అదే 30 షిల్లింగుల ధరతో, అదే తరహా కొనుగోలుదారుల కోసం. కోడాక్ పోటీకి దిగింది ఎవరి మీదనో ఇంతకంటే స్పష్టంగా చెప్పనక్కరలేదు.

ఎర్రకిటికీ
మూర్తి గారి మాట అక్షరాలా నిజం. కోడాక్ చరిత్రను కోడాక్ ప్రకటనల నుంచే నేర్చుకోవడం వల్ల ఎన్సైనెట్ పేరు మరుగున పడింది.

బెజవాడ_బాబాయి
ఎన్సైనెట్ ముందుదని ఒప్పుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ దాని ఫిల్ము ఇప్పుడు ఎవరికి గుర్తుంది? వెస్ట్ పాకెట్‌తో పాటు పుట్టిన 127 నంబరు ఫిల్మును కోడాక్ 1995 దాకా తయారుచేసింది. ఇతర కంపెనీలు కూడా ఆ కొలతకే కెమెరాలు చేశాయి: 1925లో జపానులో కొనిషిరోకు వారి పెర్లెట్, 1931లో చిన్న రోలీఫ్లెక్స్, 1933లో తొలి ఎక్సాక్టా అన్నీ 127 మీద నడిచినవే. మీరే కదా ఫిల్ముతో మొదలుపెట్టాలన్నారు. ఆ లెక్కన చూసినా 1912కే పెద్దపీట వేయాలి.

ఎర్రకిటికీ
అది మంచి వాదన. అయితే తొలి అన్న మాటను వదిలేసి, ఎక్కువ కాలం నిలిచినది అనండి. అప్పుడు మనిద్దరికీ తేడా ఉండదు.

తిత్తిమరమ్మతు
నేను పాత కెమెరాల తిత్తులు బాగుచేస్తుంటాను కాబట్టి ఈ కెమెరా కట్టుబడి గురించి కొంత చెబుతాను. కోడాక్ మడత కెమెరాలలో చాలావాటికి ముందు తలుపు కిందికి వాలితే, దాని మీద పరిచిన పట్టాల వెంట లెన్సు ముందుకు జరుగుతుంది. ఆ తలుపు, ఆ పట్టాలు బరువునూ మందాన్నీ పెంచుతాయి. వెస్ట్ పాకెట్‌లో ఆ ముందు తలుపే లేదు. లెన్సు పలకే మూత. దానికి అటూ ఇటూ ఒకదాన్నొకటి దాటుతూ పోయే కత్తెర పట్టీలున్నాయి. పూర్తిగా లాగితే పట్టీలు బిగుసుకొని పలకను ఫిల్ముకు సమాంతరంగా నిలబెడతాయి. దూరం సరిచేసుకునే పని లేదు, ఫోకస్ ఒకచోట స్థిరంగా ఉంటుంది. అందుకే పలకను చివరి వరకు లాగకపోయినా, ఒక పట్టీ వంగినా బొమ్మ ఒకవైపు మసకగా వస్తుంది. నా దగ్గరకు వచ్చేవాటిలో సగానికి ఇదే జబ్బు, తిత్తి చిల్లులు ఆ తరువాతివి.

ఇంకొక విశేషం, దీని వెనక పలక తెరుచుకోదు. ఒక పక్కనున్న మూతను జరిపి తీసి, నిండు రీలునూ ఖాళీ రీలునూ మధ్యలో ఫిల్ము సాగి ఉండగా రెండూ ఒకేసారి లోపలికి దించాలి. కాగితం అంచు ఏమాత్రం వంకరగా దిగినా లోపల చిరుగుతుంది. తొందరపడే చేతికి లొంగే పని కాదు. ఒళ్లంతా ఒకే పెట్టెగా ఉండడం వల్ల వెలుతురు చొరబడే సందులు తక్కువ, గట్టితనం ఎక్కువ. ఆ లాభం కోసం ఈ కష్టాన్ని ఒప్పుకున్నారు.

గోదారిగట్టు
తిత్తిమరమ్మతు గారూ, లెన్సు కింద 1 నుంచి 4 వరకు అంకెలున్నాయి, వాటి పక్కన మాటలు కూడా ఉన్నాయి. అవి దేనికి?

తిత్తిమరమ్మతు
అది అపర్చర్, అంటే లెన్సు నుంచి వెలుతురు వచ్చే రంధ్రం పరిమాణం. వెలుతురు లెక్కలు రానివారి కోసం అంకెల పక్కనే సందర్భం రాశారు. 1 దగ్గర చేరువలోని దృశ్యం, మనిషి ముఖం. 2 దగ్గర మామూలు దృశ్యం. 3 దగ్గర దూరపు దృశ్యం. 4 దగ్గర మబ్బులు, సముద్రం. షట్టర్‌కు సెకనులో 25వ వంతు, 50వ వంతు అనే రెండు వేగాలు, ఎంతసేపైనా తెరిచి ఉంచే మరో రెండు స్థానాలు, అంతే.

సుధారాణి_డల్లాస్
సైనికుల కెమెరా అన్న రెండో మాట సంగతి నేను చూస్తాను. అది కోడాక్ తన ప్రకటనలలో తానే పెట్టుకున్న పేరు. యుద్ధానికి మీ సొంత చిత్ర చరిత్రను మీరే తయారుచేసుకోండి అన్న ధోరణిలో బ్రిటన్‌లో ప్రచారం చేశారు. కానీ 1914లో బ్రిటిష్ కాల్బలంలోని మామూలు సిపాయి మూల వేతనం రోజుకు ఒక షిల్లింగు. 30 షిల్లింగుల కెమెరా అంటే తిండీ పొగాకూ అన్నీ మానుకొని నెలరోజుల జీతం మొత్తం దాచాలి. కందకాలలో ఈ కెమెరా ఉన్నవారిలో అధికారులే ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే. వారి చేతుల్లోని చిన్న కెమెరాలు ఎంత పని చేశాయో 1914 క్రిస్మస్ నాడు బయటపడింది. ఆ రోజు కాల్పులు ఆపి బ్రిటిష్, జర్మన్ సైనికులు కందకాల మధ్య కలిసి నిలబడ్డ ఫొటో 1915 జనవరి 8న లండన్ పత్రిక డైలీ మిర్రర్ మొదటి పేజీలో వచ్చింది. సేనాపతులకు ఇది ఏమాత్రం నచ్చలేదు. సొంత కెమెరాలు ఉంచుకోరాదన్న ఆంక్షలు అప్పటికే మొదలయ్యాయి, 1915 మార్చికల్లా మరింత బిగిశాయి. ఆటోగ్రాఫిక్ రకం వచ్చింది కూడా 1915లోనే. అంటే ఫ్రాన్సు రంగంలో సైనికుడి చేతిలో ఉండకూడదని నిషేధించిన ఏడాదిలోనే దాన్ని సైనికుడి పేరు మీద అమ్మారు.

చీకటిగది
అమ్మకాలు మాత్రం నిషేధంతో ఆగలేదు. బ్రిటన్‌లో 1914లో సుమారు 5,500 అమ్ముడైతే, 1915లో 28,000 దాటాయి.

బెజవాడ_బాబాయి
ఆ లెక్క చూశాక కూడా యుద్ధం వల్ల పేరు రాలేదంటే ఎలా?

సుధారాణి_డల్లాస్
పేరు రాలేదని నేను అనలేదు, సామాన్య సిపాయి కెమెరా కాదని అన్నాను. నిషేధం అమలులో కూడా తేడాలున్నాయి. ఫ్రాన్సు, బెల్జియంల వైపున్న పశ్చిమ రంగంలో పట్టుబడితే శిక్ష తప్పేది కాదు. టర్కీలోని గలిపోలీ వంటిచోట్ల పట్టింపు తక్కువ కాబట్టి అక్కడి సొంత ఫొటోలు మనకు ఎక్కువగా మిగిలాయి. పైగా కొన్నవారందరూ యుద్ధానికి వెళ్లినవారు కారు. వెళ్లేవాడికి కానుకగా ఇవ్వడానికి కొన్నవారు, ఇంటి నుంచి పిల్లల ఫొటోలు పంపడానికి కొన్నవారు కూడా ఆ లెక్కలో ఉంటారు. 1926లో తయారీ ఆగేసరికి ప్రపంచం మొత్తం మీద దాదాపు 20 లక్షలు అమ్ముడయ్యాయి. యుద్ధం ముగిసి అప్పటికే ఎనిమిదేళ్లు.

కాకినాడ_వాసు
వెనక తలుపు సంగతి మధ్యలో ఆగిపోయింది. అది దేనికో ఎవరైనా పూర్తిగా చెప్పండి.

చీకటిగది
ఫొటో తీసిన వెంటనే దాని మీద పేరూ తేదీ రాసుకోవడానికి. ఈ పద్ధతి కనిపెట్టినవాడు హెన్రీ గైస్‌మన్, క్షవరం కత్తుల వ్యాపారి. 1914లో ఈస్ట్‌మన్ దీని హక్కులను 3 లక్షల డాలర్లకు కొన్నాడు. వెస్ట్ పాకెట్ ధర అమెరికాలో ఆరు డాలర్లు ఉన్న కాలంలో అది ఎంత మొత్తమో ఊహించుకోండి.

పనిచేసే తీరు చాలా తెలివైనది. మామూలు రీలులో ఫిల్ము వెనక దళసరి కాగితం ఉంటుంది. ఆటోగ్రాఫిక్ రీలులో ఆ కాగితాన్ని పలుచన చేసి, దానికీ ఫిల్ముకూ మధ్య కార్బన్ కాగితం వంటి పలుచని నల్లపొరను ఉంచారు. తలుపు తెరిచి పుల్లతో గట్టిగా రాస్తే, ఒత్తిడి తగిలిన చోట నల్లపొర వదిలి కాగితానికి అంటుకుంటుంది, ఆ గీతల వెంట వెలుతురు ఫిల్మును చేరుతుంది. రాశాక తలుపును కొన్ని సెకన్లు ఆకాశం వైపు తెరిచి ఉంచి మూసేయాలి. రాత పడేది రెండు బొమ్మల మధ్య ఖాళీలో కాబట్టి బొమ్మకు హాని లేదు. కడిగి అచ్చు తీస్తే నల్లటి అంచు మీద తెల్లటి చేతిరాత కనిపిస్తుంది. ఈ రీళ్లు 1930ల మొదట్లో ఆగిపోయాయి.

నరసాపురం_లక్ష్మి
మా అమ్మమ్మగారి ఇంట్లో అలాంటి నెగటివ్‌లు కొన్ని ఉన్నాయి. అంచు మీదున్న రాత నెగటివ్ మీద గీసిన గీతలని ఇన్నాళ్లూ ఇంట్లోవారు అనుకున్నారు. చీకటిగది గారు రాసినది చదివాక భూతద్దం పెట్టి చూశాను. ఒకదాని మీద తెలుగులో భీమవరం అనీ, 1923 అనీ స్పష్టంగా ఉంది. భకారం వత్తు దగ్గర పుల్ల జారి గీత పక్కకు పోయింది. ఫొటోలో రేవు మెట్ల మీద నలుగురు మగవారు నిలబడి ఉన్నారు. వారెవరో చెప్పగలవారు ఇప్పుడు లేరు, ఊరూ ఏడూ మాత్రం తెలిశాయి.

చీకటిగది
లక్ష్మి గారూ, ఆ నెగటివ్‌లను ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంచకండి, ప్లాస్టిక్ కవర్లలోనూ పెట్టకండి. ఆ కాలపు ఫిల్ము నైట్రేటు రకం కావచ్చు. దానికి త్వరగా నిప్పు అంటుకుంటుంది, వేడికి పాడైపోతుంది. ఆమ్లం లేని కాగితపు కవర్లలో విడివిడిగా, చల్లటి చోట, పొయ్యికీ దీపానికీ దూరంగా ఉంచండి. ముందుగా వెలుతురు పలక మీద పెట్టి ఫోనుతోనైనా అన్నిటినీ కాపీ చేయండి, అంచుతో సహా.

హిమగిరి
ఈ కెమెరా గురించి మాట్లాడుతూ ఎవరెస్టును వదలడం కుదరదు. 1924 జూన్ 8న బ్రిటిష్ పర్వతారోహకులు జార్జ్ మలరీ, ఆండ్రూ అర్విన్ శిఖరం వైపు వెళ్లి తిరిగి రాలేదు. వారి దగ్గరున్నది వెస్ట్ పాకెట్ కోడాక్. అది మలరీ సొంతం కాదు, తోటి పర్వతారోహకుడు హొవార్డ్ సోమర్‌వెల్ ఇచ్చినది. 1999 మే 1న మలరీ దేహం దొరికినప్పుడు కెమెరా దొరకలేదు. 2024 సెప్టెంబరులో కొండ ఉత్తరాన సెంట్రల్ రోంగ్‌బుక్ హిమానీనదం మీద అర్విన్ పేరు కుట్టిన మేజోడుతో ఒక పాదం, బూటు దొరికాయి. అప్పుడూ కెమెరా లేదు. శిఖరం చేరారా లేదా అన్న ప్రశ్నకు జవాబు ఎనిమిది బొమ్మలు పట్టే ఒక చిన్న రీలులో ఉండవచ్చునన్న ఆశతోనే ఇన్నేళ్లుగా వెతుకుతున్నారు.

సోమర్‌వెల్ వైద్యుడు. ఆయన మన దక్షిణాదికే వచ్చి, అప్పటి తిరువాన్కూరు సంస్థానంలోని నెయ్యూరు మిషన్ ఆసుపత్రిలో దశాబ్దాల పాటు శస్త్రచికిత్సలు చేశాడు. ఆ కెమెరా యజమాని అంతకాలం మనకు ఇంత దగ్గరలో ఉన్నాడన్న సంగతి తెలుగులో ఎవరూ రాయలేదని నాకు బాధగా ఉంటుంది.

కాకినాడ_వాసు
నూరేళ్లు మంచులో ఉన్న ఫిల్ము నుంచి బొమ్మ వస్తుందా?

హిమగిరి
చలి ఫిల్ముకు మేలే చేస్తుంది. కెమెరా తిత్తి చిరిగి వెలుతురు పడి ఉంటే కష్టం. దొరికినవారు అక్కడికక్కడ తెరవకూడదు, వెచ్చటి చోటికి తేకూడదు. గడ్డకట్టిన స్థితిలోనే నిపుణుల దగ్గరికి చేర్చాలి. అప్పటి నలుపు తెలుపు ఫిల్ము నెమ్మదైనది (వెలుతురును తక్కువగా గ్రహించేది), రసాయనికంగా సరళమైనది కాబట్టి ఆశ పూర్తిగా లేకపోలేదు.

మూర్తి_సికింద్రాబాద్
యుద్ధం, ఎవరెస్టు రెండూ పెద్ద కథలు. వీటి నీడలో జపాను కథ కనపడకుండా పోయింది. అక్కడి వారు ఈ కెమెరాను బొమ్మలు గీసేవారి కుంచె అంత శ్రద్ధగా వాడారు. ఒంటి లెన్సు వెస్ట్ పాకెట్‌కు ముందున్న గుండ్రటి కప్పు అపర్చర్‌ను అదుపులో ఉంచుతుంది. దాన్ని విప్పేస్తే లెన్సు మొత్తం తెరుచుకొని, అంచుల్లో వెలుగు కరిగినట్టుండే మెత్తటి బొమ్మ వస్తుంది. లోపంగా భావించి కంపెనీ మూసిన లక్షణాన్ని అక్కడి కళాకారులు కావాలని తెరిచారు. కెమెరా తయారీ ఆగిన చాలాకాలం తరువాత కూడా ఆ లెన్సుల కోసం వెతికి కొనేవారున్నారు.

తిత్తిమరమ్మతు
మూర్తి గారి మాట విని ఎవరూ స్క్రూడ్రైవర్ పట్టుకోకండి. ఆ కప్పు మరలు మెత్తటి లోహం; నూరేళ్ల తుప్పుతో బిగుసుకొని ఉంటాయి. ఒక చుక్క పలుచని నూనె వేసి ఒకరోజు ఆగాలి. ఖరీదైన అనాస్టిగ్మాట్ (పలు గాజులు కలిపి చేసిన) లెన్సు ఉన్న రకాలకు ఈ పద్ధతి వర్తించదు.

గోదారిగట్టు
అందరి వివరాలూ రాసి పెట్టుకున్నాను. మాది ఒంటి లెన్సు రకమే. దీనితో ఒక్క రీలైనా తీయాలని ఉంది. 127 ఫిల్ము ఇప్పుడు దొరుకుతుందా?

చీకటిగది
కొన్ని చిన్న తయారీదారుల నుంచి అప్పుడప్పుడు వస్తుంది, ఖరీదు ఎక్కువ. 127 వెడల్పు 46 మిల్లీమీటర్లు కాబట్టి, దుకాణాల్లో దొరికే 120 ఫిల్మును చీకటిలో ఆ వెడల్పుకు కోసి, పాత 127 కాగితంతో చుట్టి వాడేవారున్నారు. మీ కెమెరాలో పాత రీలు ఏదైనా మిగిలి ఉంటే కాగితాన్నీ రీలునూ పారేయకండి, వాటి విలువ ఫిల్ము కంటే ఎక్కువ.

ఎర్రకిటికీ
ముఖ్యమైనది ఒకటి చెప్పాలి. ఆ కాలపు ఫిల్ముకు ఎరుపు వెలుతురు తగిలినా ప్రమాదం లేదు, అందుకే కిటికీకి ఎర్రటి గాజు పెట్టారు. ఇప్పటి ఫిల్ము ఎరుపును కూడా గ్రహిస్తుంది. కిటికీ మీద నల్లటి టేపు అంటించి, రీలు తిప్పేటప్పుడు మాత్రం నీడలో ఎత్తి అంకె చూసి, వెంటనే మూసేయండి. ఆటోగ్రాఫిక్ తలుపు చుట్టూ కూడా టేపు వేయండి, దాని అంచులు ఇప్పటికి వదులై ఉంటాయి.

తిత్తిమరమ్మతు
దానికి ముందు తిత్తి పరీక్ష చేయండి. రాత్రి దీపాలన్నీ ఆర్పి, పక్క మూత తీసి సన్నటి ఎల్‌ఈడీ బల్బును ఫిల్ము ఉండే చోటికి దించి, తిత్తిని పూర్తిగా లాగి మడతల మూలలు చూడండి. సూదిమొన వంటి వెలుగు కనిపిస్తే అక్కడ చిల్లు ఉన్నట్టే. వెలుతురు ఫిల్ము ఫ్రేము అంచుల నుంచి కూడా రావచ్చు కాబట్టి బల్బును కదిలిస్తూ చూడాలి. చిన్న చిల్లులకు నల్ల రంగు కలిపిన మెత్తటి జిగురు చాలు. మందంగా పూస్తే తిత్తి మడత పడదు, పట్టీలు వంగుతాయి.

గోదారిగట్టు
మూలల్లో మూడు చోట్ల వెలుగు కనిపించింది, జిగురు పూశాను. 100 ఐఎస్ఓ (వెలుతురును గ్రహించే వేగం) ఫిల్ముకు ఎండలో ఏ అంకె పెట్టాలి?

తిత్తిమరమ్మతు
సెకనులో 50వ వంతు పెట్టి 3 వాడండి. నూరేళ్ల షట్టర్ స్ప్రింగు నిదానించి వెలుతురు ఎక్కువసేపు పడుతుంది కాబట్టి, మిట్టమధ్యాహ్నం ఇసుక మీదో నీటి ఒడ్డునో తీస్తే 4కు మార్చండి. పలకను చివరి వరకు లాగారో లేదో నొక్కేముందు ప్రతిసారీ వేలితో తడిమి చూడండి.